సైదులు వేసిన కొసరు

మా హాల్లో నాలుగడుగుల పగడాల తొట్టి ఉంది. దాని పక్కన నిలువుగా ఒక గొట్టం, ఆ గొట్టం నిండా చచ్చిన పగడాల ముక్కలు. సోడాల్లో కొట్టే గ్యాస్ చిన్న సిలిండర్ నుంచి బుడగలు బుడగలుగా ఆ గొట్టంలోకి వెళ్తే నీళ్ళు పులుపెక్కి ముక్కలు కొద్దికొద్దిగా కరుగుతాయి. ఆ సున్నం తాగి బతికున్న పగడాలు పెరుగుతాయి. మావారు బాపిరాజుగారు దాన్ని కాల్షియం రియాక్టర్ అంటారు.

సిలిండర్ ఎంచుకున్నది ఆయన. నింపించుకొచ్చేది నేను.

రెండేళ్ళ క్రితం ఎంచుకోవడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది. నిప్పునార్పే పాత సిలిండర్ చవకే, కానీ దాని లోపల అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది, గ్యాస్‌కు బదులు ద్రవం బయటికొచ్చి మీటరు పాడవుతుంది. అల్యూమినియంది తేలిక, కానీ దాని మర విదేశీది, ఇక్కడ నింపేవాళ్ళ గొట్టానికి పట్టదు. అయిదు కిలోల ఉక్కుది తెస్తే ఏడెనిమిది నెలలు వస్తుంది. "అది నువ్వు మొయ్యలేవు లక్ష్మీ" అని రెండు కిలోలది తెచ్చారు. అప్పుడది నా మీద దయ అనుకున్నాను. మొయ్యగలిగింది తెచ్చారు కాబట్టి మూడు నెలలకోసారి మోస్తూనే ఉన్నాను.

ఆయన సూర్యాపేట దగ్గర రోడ్డు పనుల్లో ఇంజనీరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్తారు. మిగతా రోజుల్లో తొట్టిని ఫోన్లో చూసుకుంటారు. తొట్టికి ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. అందులో పగడాలతో పాటు సోఫా సగం పడుతుంది. నేను కూర్చునేది ఆ సగంలోనే. పేపరు తెరిచేసరికి ఫోను మోగుతుంది, "లక్ష్మీ, బుడగలు తగ్గినట్టున్నాయి, ఒకసారి లేచి చూడు" అని.

మే నెల, బుధవారం. పొద్దున్నే బుడగలు పూర్తిగా ఆగిపోయాయి. పదకొండింటికి ఎల్బీనగర్‌లో సైదులు షెడ్డుకి వెళ్ళాను. అతను ఆఫీసులకూ హోటళ్ళకూ నిప్పునార్పే సిలిండర్లు నింపుతాడు. మాది అతనికి ఆటబొమ్మ లాంటిది.

"అక్కా, ఇంటికి పోయి మళ్ళ తూకం ఏస్తవా?" అన్నాడు నన్ను చూడగానే.

"వేస్తాను. పోయినసారి పావుకిలో తక్కువ వచ్చింది."

"ఎండకాలం జర తక్కువనే కొడతం అక్కా. వేడికి లోపల పొంగుతది."

"పొంగడానికి అదేమైనా అన్నం కుండా? రెండు కిలోలంటే రెండు కిలోలు ఉండాలి సైదులూ."

సైదులు పకపకా నవ్వాడు. "నువ్వు తూనికల ఆఫీసుల ఉండాల్సినదానివి. ఇంట్ల కూసున్నవ్." సిలిండర్‌ను కాటా మీద నిలబెట్టి, గొట్టం బిగించి, లోపలి గ్యాస్ రెండు కిలోలు దాటినా ఆపలేదు. "ఇగో, మూడొందల గ్రాములు కొసరు. గిప్పుడన్న ఖుషేనా?"

ఖుషీయే. సిలిండర్ భుజం మీద గుద్దిన ఖాళీ బరువు చూసి, కాటా మీది అంకెలోంచి మనసులోనే తీసేసి, సరిపోయిందనుకున్నాను. బేరమాడి గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకున్నప్పుడు కలిగే తృప్తి కలిగింది.

దాన్ని స్కూటీ మీద కాళ్ళ మధ్య నిలబెట్టుకుని బయల్దేరాను. కొత్తపేట రైతుబజార్ దగ్గర ఆగి బెండకాయలు, టమాటాలు తీసుకునేసరికి ఇరవై నిమిషాలైంది. తిరిగొచ్చి చెయ్యి పెడితే సిలిండర్ పెనంలా కాలింది. చున్నీ చుట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి తీసుకొచ్చాను.

మాది నాలుగో అంతస్తు. లిఫ్టు పాతది, అడ్డంగా లాగే ఇనప గ్రిల్ తలుపు. మూడో అంతస్తు రాజమ్మగారు అప్పటికే లోపల ఉన్నారు. పోచంపల్లిలో ముప్ఫై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళాడించి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. వాటికి కరెంటు పెట్టించుకుని దవాఖాన నుంచి వస్తున్నారు.

"గదేంది బిడ్డా, బాంబా?"

"మా చేపల తొట్టిది పెద్దమ్మా."

రెండో అంతస్తు దాటి మనిషెత్తుకు కాస్త తక్కువగా పైకెళ్ళాక కరెంటు పోయింది. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. ఎదురుగా సిమెంటు గోడ. మా కాళ్ళ దగ్గర మాత్రం రెండడుగుల సందు, అందులోంచి రెండో అంతస్తు వరండా, మెట్లు కనపడుతున్నాయి. రాజమ్మగారు నిట్టూర్చి, గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కింద కూర్చున్నారు.

నేను గ్రిల్ తట్టి కేకేశాను. కింద నుంచి వాచ్‌మన్ భార్య అరుణమ్మ గొంతు వచ్చింది. "జనరేటర్ల డీజిల్ లేదమ్మా! మా ఆయన్ని మీదికి పంపుత, చక్రం తిప్పి దించుతడు. పది నిమిషాలు!"

అప్పుడు వినపడింది, సన్నగా, ఆగకుండా, స్ స్ అని.

"పామా?" అన్నారు రాజమ్మగారు.

వాల్వు పక్కన ఇత్తడి బోల్టు ఉంటుంది. లోపల ఒత్తిడి మరీ పెరిగితే ముందు చిట్లేది అదే. చప్పుడు దాని దగ్గర్నుంచే వస్తోంది. మోకాళ్ళ మీద వంగాను. గోళీసోడా గబుక్కున తాగితే ముక్కులోకి ఎక్కినట్టు చుర్రుమంది.

నేను కెమిస్ట్రీ చదివాను. వేడికి గ్యాస్ పెరుగుతుందని, ఈ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. సైదులు చెప్పింది అదే. కూరలవాడి మాటల్లా విన్నాను. ఆ బోల్టు ఒక్కసారిగా చిట్లితే ఈ డబ్బాలో ఇద్దరికీ గాలి చాలదు. ముందు అడుగున కూర్చున్న మనిషికి చాలదు.

"పెద్దమ్మా, లేవండి."

"గిప్పుడే కూసున్న కదనే."

"కింద గాలి బాగాలేదు."

"కింద బాగలేని గాలి మీద బాగుంటదా? గదేం లెక్క?" అన్నారు గానీ ఆవిడ మాటల మధ్య ఊపిరి అప్పటికే వేగంగా ఆడుతోంది. చంకల కింద చేతులు వేసి లేపాను. బరువంతా నా ఎడమ భుజం మీద వేసి నిలబడ్డారు. సిలిండర్‌ను కాలితో సందు దగ్గరికి జరిపి, వాల్వు మూతి గ్రిల్‌లోంచి బయటికి చూసేలా తిప్పాను. నేనే కొంచెం కొంచెం వదిలేస్తే లోపల ఒత్తిడి తగ్గుతుంది, సిలిండర్ చల్లబడుతుంది. బరువైన గ్యాస్ వరండాలోకి దొర్లి మెట్ల మీదుగా కిందికి పోతుంది.

"అరుణమ్మా! రెండో అంతస్తులో, మెట్ల మీద ఎవరూ ఉండకుండా చూడు!" అని అరిచాను.

ఫోను మోగింది. ఆయనే.

"కెమెరా ఆగిపోయిందేంటి?"

"కరెంటు పోయింది. లిఫ్టులో ఇరుక్కున్నాం. సిలిండర్ వేడెక్కి గ్యాస్ పోతోంది. కొంత వదిలేస్తున్నాను."

"వదలకు వదలకు! బుడగలు పొద్దుట్నుంచీ లేవు. మళ్ళీ నింపించడం ఎప్పటికవుతుంది? పది నిమిషాలేగా, ఆగు. దిగగానే ముందు తొట్టికి బ్యాటరీ పంపు పెట్టు."

రాజమ్మగారు నా మొహంలోకి చూశారు. "ఏమంటుండు?"

"ఆగమంటున్నారు."

"యాడున్నడు?"

"సూర్యాపేట దగ్గర."

"ఆడికెల్లి ఆగమంటుండా? తిప్పు బిడ్డా, నా కాళ్ళు నిలుస్తలేవు."

ఫోను కూరల సంచిలో పడేసి వాల్వు పావువంతు తిప్పాను. గర్జనలా చప్పుడు. తెల్లటి పొగ బుస్సున గ్రిల్ దాటి, పొంగిన పాలలా వరండా నేల మీద పరుచుకుని మెట్లు దిగిపోయింది. పది లెక్కపెట్టి కట్టేశాను. మళ్ళీ తిప్పాను. రాజమ్మగారు నా మెడ పట్టుకుని దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలుస్తున్నారు. మధ్యలో "నీ చేపలు పాడుగాను" అని కూడా అన్నారు. నాలుగోసారి కట్టేసరికి సిలిండర్ నడుము చుట్టూ మంచు పొర పట్టింది. ఇత్తడి బోల్టు దగ్గర చప్పుడు లేదు. సంచిలోంచి మాత్రం "లక్ష్మీ, లక్ష్మీ" అని చిన్నగా వినపడుతోంది.

చుర్రుమనడం తగ్గేదాకా ఆవిణ్ని కూర్చోనివ్వలేదు. నా భుజం తిమ్మిరెక్కింది. ఎదురుగా ఎవరో మేకుతో పేరు గీకిన సిమెంటు గోడ. ఎంతసేపు చూశానో తెలియదు, ఆ పేరు మీద ఒక బల్లి అటూ ఇటూ రెండుసార్లు తిరిగింది.

చివరికి లిఫ్టు అంగుళం అంగుళం చొప్పున కిందికి జారి రెండో అంతస్తులో ఆగింది. అరుణమ్మ గ్రిల్ లాగింది. సిలిండర్‌ను వరండాలో, నీడగా గాలి ఆడే మూల, నిలువుగా పెట్టి రాజమ్మగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఇక లిఫ్టు ఎక్కనన్నారు. ఒక్క అంతస్తు ఎక్కడానికి, మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఇరవై నిమిషాలు పట్టింది.

వాళ్ళింట్లో నీళ్ళు తాగుతుండగా కరెంటు వచ్చింది. వెంటనే ఫోను.

"దిగావా? ఫోను అలా పడేస్తే ఏమనుకోవాలి? ఇద్దరికీ ఏం కాలేదుగా?"

"ఏం కాలేదు."

"హమ్మయ్య. సిలిండర్ బిగించావా?"

"రెండో అంతస్తు వరండాలో ఉంది. శనివారం వచ్చి మీరు పైకి తెచ్చుకోండి."

"శనివారమా? అప్పటిదాకా రియాక్టర్ ఆగితే?"

"పోయిన దసరాకి మీ అన్నయ్యగారింట్లో తొమ్మిది రోజులున్నాం. అప్పుడూ ఆగింది. ఒక్క పగడం చావలేదు."

తొమ్మిది రోజుల సంగతి నాకూ గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. అయినా ఇన్ని నెలలూ బుడగ ఆగితే చాలు పరుగెత్తాను.

"సైదులు ఈసారీ తక్కువ కొట్టాడా?" అన్నారు, మాట మారుస్తూ.

"లేదు, నేనడిగినదానికన్నా ఎక్కువే కొట్టాడు. వచ్చేసారి మీరే వెళ్ళి ఎండాకాలం పావుకిలో తక్కువ కొట్టమని చెప్పండి. తప్పు మా ఆవిడదేనని కూడా చెప్పండి."

"సరే గానీ, కరెంటొచ్చి కెమెరా పనిచేస్తోంది. నువ్వు కనపడవేంటి?"

"రాజమ్మగారింట్లో ఉన్నాను."

"పైకి ఎప్పుడెళ్తావు?"

రాజమ్మగారు చాప మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు. సీసా పక్కకు పెట్టి, కొంచెం జరిగి, తన పక్కన చోటు చూపించారు. "నిలబడే మాట్లాడుతున్నవేంది, కూసో. గీడ కింద గాలి మంచిగనే ఉన్నది."

కూరల సంచి గోడకు ఆనించి, ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

"చెప్తాను" అని ఫోను పెట్టేశాను.