బొట్టు పెట్టిన డిస్కు

"డిస్కు చచ్చిపోయిందక్కా. పారేసి పోండి," అన్నాడు గుణశేఖర్.

వేలూరు తొరపాడిలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి అతనిది. మనిషి మంచివాడే గానీ, చచ్చిపోయిందనే మాట అంత తేలిగ్గా అతని నోటికెలా వచ్చిందో! కాంచనకు ఒళ్లు మండింది. తండ్రిని వెంటబెట్టుకుని గుడియాత్తం నుంచి బస్సులో నిలబడి వచ్చింది ఈ మాట వినడానికా?

ఆ డిస్కులో ఉన్నది ఆమె తండ్రి జయరాములు పరువు. చింతాకు వరస, దాని మీద రెండేసి చుక్కలు. ముప్పై ఏళ్లుగా ఆయన చీరలకు నేసే అంచు, తన చేత్తో తాను గీసుకున్న అంచు. ఇప్పుడు దేవేంద్రన్ అనే చీరల వ్యాపారి వచ్చి, అది మూడేళ్ల కింద తాను గీయించిందని, తనను అడక్కుండా నేయడానికి వీల్లేదని నేతగాళ్ల సంఘంలో అడ్డం తిరిగాడు. రేపటిలోగా రుజువు చూపించమన్నారు సంఘం వాళ్లు. లేదంటే జయరాములు ఆ అంచు మానుకోవాలి. రెండువేల ఎనిమిదిలో ఎవరో కాలేజీ పిల్లలు ఆయన నేస్తుండగా వీడియో తీసి, ఈ డీవీడీ డిస్కు ఇచ్చి పోయారు. ఉన్న రుజువల్లా అదొక్కటే.

"పోదాం పదమ్మా. ఆ పెద్దోళ్లతో మనకేల?" అన్నాడు జయరాములు. ఆయన ఎవరితోనూ గొంతు పెంచి ఎరుగడు.

"నువ్వు కూచో నాయనా," అని కాంచన గుణశేఖర్ వైపు తిరిగింది. పదేళ్లుగా జిరాక్సు అంగడిలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి ఆమె. "చచ్చింది డిస్కో నీ డ్రైవో యెట్ట తెలిసిందప్పా నీకు? పరీక్ష పెట్టినావా?"

అతను నవ్వి, డ్రైవు చదివే వేగాన్ని గీతగా చూపించే ప్రోగ్రాం తెరిచాడు. మంచి డిస్కయితే మధ్య నుంచి అంచుకు పోయేకొద్దీ గీత పైకెక్కుతూ పోవాలి. ఇది కాస్త ఎక్కి కూలబడింది.

"చూసినారా?"

"చూసినా. ఇప్పుడు నీ కొత్త డిస్కు ఒకటి పెట్టు."

"అదెందుకక్కా?"

"పెట్టప్పా, చెప్తా."

పెట్టాడు. ఆ గీత కూడా తూలింది, లేచింది, మళ్లీ కూలబడింది. గుణశేఖర్ మొహంలో నవ్వు మాయమైంది. తన డ్రైవుకు కన్ను మసకబారితే, ఊళ్లోవాళ్ల డిస్కులన్నీ చచ్చాయని చెబుతున్నాడన్నమాట! ఎంతమంది పెళ్లిళ్లు చెత్తబుట్టలో పడ్డాయో పాపం.

పాత కంప్యూటర్ల కుప్పలోంచి వేరే డ్రైవు తీయించింది కాంచన. కొత్త డిస్కుతో దాని గీత చక్కగా ఎక్కింది. అప్పుడు తమ డిస్కు పెట్టించింది. గీత బాగానే ఎక్కి, ముప్పాతిక దారిలో పడిపోయింది. మూడుసార్లు పెట్టినా అక్కడే పడింది.

డిస్కు తీసి వెలుతురుకు పట్టి చూసింది. మెరిసే వైపున, అంచుకు దగ్గరగా ఎర్రటి మరక.

"ఇదేంది నాయనా?"

"బొట్టమ్మా. ఆయుధ పూజకు మగ్గానికీ, పోగు తోసే నాడెకూ పెట్టినాక దీనికీ పెడతా. యేటేటా పాతది తుడిచేసి కొత్తది."

"ఈ పక్క యెందుకు పెట్టినావు?"

"ఆ పక్క పేరు రాసుండాది గదా. నాకు చదవను రాదు గానీ, అక్షరాలు చెరిగిపోతే తప్పు గదమ్మా."

గుణశేఖర్ పకపకా నవ్వాడు. కాంచనకు తండ్రి మీద వచ్చిన కోపం ఆ నవ్వుతో అతని మీదికి మళ్లింది. తనకు విలువైనదాన్ని పూజించుకున్న మనిషిని చూసి నవ్వడమేమిటి?

"నవ్వింది సాలు, నీళ్లు తే," అంది. తండ్రి భుజం మీది తుండుగుడ్డ కొస తడిపి ఆయన చేతికే ఇచ్చింది. "చుట్టూ తిప్పద్దు నాయనా. మధ్య నుంచి అంచుకు నేరుగా తుడువు."

తెగిన పోగును చూపు ఆనకుండానే అతికే వేళ్లు అవి. మెల్లగా, ఓపిగ్గా తుడిచాయి. డ్రైవు వేగం బాగా తగ్గించమని చెప్పింది కాంచన. ఈసారి గీత చీమలా పాకింది. ముప్పాతిక దారిలో ఆగింది. గీత కొంచెం వణికి, దాటిపోయింది.

ముందు అంతా కాపీ చేయించి, ఆ తరువాతే వీడియో తెరిపించింది. మూలన తేదీ కనబడుతోంది. నల్లటి జుట్టు జయరాములు మగ్గం మీద ఉన్నాడు. ఎదురుగా చింతాకు అంచు. అంతలో వెనక నుంచి ఎవరిదో గొంతు.

"ఈ అంచు యెవురు గీసినారన్నా? నేను యాడా చూళ్లేదే!"

కెమెరా అటు తిరిగింది. గడప దగ్గర, అప్పుడప్పుడే మీసం వస్తున్న దేవేంద్రన్.

"నేనే గీసుకున్నా నాయనా," అన్నాడు తెరమీది జయరాములు సిగ్గుపడుతూ.

కాంచనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దేవేంద్రన్‌కు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా స్పీకరు దగ్గర పట్టుకుని ఆ ముక్క మళ్లీ వేయించింది.

"విన్నావాన్నా? ఆ గొంతు యెవురిది?"

"కాంచనా... సంఘం దాకా యెందుకు? కూచోని మాట్లాడుకుందాం. మీ నాయనకియ్యి, ఆయన మంచోడు."

జయరాములు చెయ్యి చాచాడు. ఎక్కడ మెత్తబడిపోతాడో అని భయపడుతూనే ఇచ్చింది కాంచన.

"దేవేంద్రా," అన్నాడాయన. గొంతు వణకలేదు. "అడిగుంటే ఆ పొద్దే నేర్పించుంటా గదప్పా. ఇప్పుడు నేర్పను. రేపు సంఘానికి రా. యెవురు గీసినారని ఆ పొద్దు అడిగినట్టే అందరి ముందరా ఇంకోసారి అడుగు. చెప్తా."