పెసిడెంటు సేసిన పెట్టి

అలాగ కాదే దీవెనమ్మా, జేమ్సు పంచాయితీ పెసిడెంటు అవకముందు ఏటి సేసీవోడో అది ముందు రాయి. పేపరోల్లు రాసినారు కదా, కొత్తగా గెలిసిన పెసిడెంట్లలో ఒకడు మేస్టరు, ఒకడిది మందుల షాపు అని. మనూరు కాడికొచ్చీసరికి వడ్రంగి అని రాసీసి ఊరుకున్నారు. కంట్రాట్రని సెప్పుకోరా అని ఆడి మనుసులు ఎంత సెప్పినా ఆడు ఒప్పుకోనేదు. తలుపులూ మంచాలూ సేస్తాడు గానీ, మన చర్చి సంఘంలో ఎవులు పోయినా శవం పెట్టి సేసీది ఆడే.

ఎలచ్చన్లప్పుడు నా కొడుకు, మీ అయ్య బెన్హరు అవతలోల్ల వైపు తిరిగినాడు. ఆటోలో మైకెట్టి, "పెట్టిలోడికి ఓటేస్తే ఊరంతా పెట్టిలోకే!" అని అరిసినాడు. జనం ఒకటే నవ్వు. జేమ్సు ఎదురొచ్చి, "నీకు కొంచెం ఎడల్పుగా సేస్తాన్లే బావా, బొజ్జున్నాది" అన్నాడు. మల్లీ నవ్వినారు. మీ అయ్య మొకం మాడిపోనాది.

జేమ్సే గెలిసినాడు. పమాణం సేసీ రోజు పొద్దున్నే మీ మామ్మ పోనాది. నువ్వు విజీనారం కాలేజీలో ఉన్నావు. పాతపట్నంలో పెట్టి కొనుక్కొస్తానని మీ అయ్య బయల్దేరినాడు. వొద్దన్నాను. జేమ్సు సేతి పెట్టిలోనే పంపండని ఎన్నిసార్లు అన్నాదో మీ మామ్మ.

నాను ఎల్లీసరికి జేమ్సు ఇంటి ముందు బళ్లు, దండలు. ఆడు తెల్లబట్టల్లో ఉన్నాడు. నాను గుమ్మం కాడే నిలబడిపోనాను. పెసిడెంటుని పట్టుకుని పెట్టి సెయ్యమని ఎలాగడుగుతాం? ఆడే వొచ్చి నా సెయ్యట్టుకున్నాడు.

"అత్త పోనాదేటి మావ?"

ఆడి ఎలచ్చన్ల పని సూసిన గణపతిరావు అడ్డమొచ్చినాడు. "ఇయ్యాల శవం పెట్టి ముట్టుకుంటావేటిరా? ఆఫీసరు వొచ్చీసినాడు!"

"పమాణం రేపైనా సేస్తాను. అత్తని రేపటిదాకా ఉంచుతావేటి నువ్వు?"

పోయినోల్లని టేపుతో కొలవడు ఆడు. ఆల్ల తాత కాలం నుండీ కొబ్బరితాడే. కొలిసిన తాడు పెట్టిలోనే ఏసేస్తాడు. పొద్దు వాలీసరికి మావిడి సెక్కతో పెట్టి అయిపోనాది.

ఆఖరి మేకు కొడుకు కొట్టాల. జేమ్సు సుత్తి సాపినాడు. మీ అయ్య సేతులు కట్టుకుని, "పెసిడెంటు గారు ఓట్ల కోసం నటిస్తన్నారు" అన్నాడు.



"నువ్వే కొట్టీరా జేమ్సూ" అన్నాను.

"అది నాది కాదు మావ. బావ వొచ్చీదాకా నిలబడతాను."

నిలబడ్డాడు. సీకటి పడతన్నాదని పాస్టరు గారు పాట ఆపీసినారు. మీ అయ్య కదల్నేదు. ఆఖరికి నానే కొట్టినాను. మేకు వొంగిపోనాది. తీసి ఇంకోటి కొడదామంటే, "ఉండనీ మావ, నీ సెయ్యి కదా" అన్నాడు. అలాగే మట్టి సేసీసినాం.

మర్నాడే మీ అయ్య బరంపురం ఎల్లిపోనాడు. నలుగురిలో జేమ్సు తన పరువు తీసినాడంటాడు, ఈ గుమ్మం తొక్కనంటాడు. ఎలచ్చన్లు అయిపోయాక జేమ్సు ఎవుడి ఓటు కోసం నటిస్తాడే? ఆ రోజు ఆఫీసరు మెంబర్ల సేత పమాణం సేయించీసి ఎల్లిపోనాడు. జేమ్సు తరవాతెప్పుడో మండలాఫీసుకి ఒక్కడే ఎల్లి సేసుకొచ్చినాడు. దండ నేదు, ఫోటో నేదు. ఆ మాట మీ అయ్యకి ఎవులూ సెప్పనేదు.

ఇదంతా మీ అయ్యకి ఫోన్లో సదివి ఇనిపించమ్మా. మజ్జిలో ఫోను పెట్టీస్తాడు. మల్లీ సేసి, ఆగిన కాడి నుంచి సదువు.