అరువు సామాను

మా చెల్లెలి మేడమీది ఇంట్లో రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక మంచం, గోడకు బిగించిన పుస్తకాల అర ఉండేవి. అన్నీ మా మరిది చేతిపనే, అతడు వడ్రంగి. మూడో మనిషి వస్తే పక్కసందులోని అతడి వడ్రంగి దుకాణం నుంచి ముక్కాలిపీట తెచ్చుకునేవారు. ఇంకోటి చేసుకోలేక కాదు, అక్కరలేక. మధ్యాహ్నం మూడింటికి రంపం పక్కన పెట్టాడంటే, ఆ తరువాత ఎంత పెద్ద పని వచ్చినా మరిది ఒప్పుకునేవాడు కాడు.

ఆ ఇద్దరూ ఒక ఆరేళ్ల పిల్లను దత్తత కోరారు. ఏడాదిగా ప్రతి ఆదివారం అనాథాశ్రమానికి వెళ్లి ఆ పిల్లతో గడిపి వస్తున్నారు. ఇక మిగిలింది శిశుసంక్షేమ అధికారిణి వచ్చి ఇల్లు చూడడం. ఆమె కాదంటే పిల్ల రాదు.

తనిఖీ నాటి ఉదయం ఎదురింటి దర్జీ భార్య గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేమిటమ్మా, ఇల్లా, రైలు ప్లాట్‌ఫారమా? ఇది చూస్తే ఆవిడ పిల్లనిస్తుందా? పిల్లిపిల్లను కూడా ఇవ్వదు!"

చెల్లెలి ముఖం పాలిపోయింది. గంట తిరగకుండా ఇరుగుపొరుగు ఇళ్లనుంచి సోఫా వచ్చింది, టీవీ వచ్చింది, నలుగురి భుజాల మీద ఫ్రిజ్ వచ్చింది.

"వదినగారూ, నా ఇంట్లో నాకే దారి లేదు," అన్నాడు మరిది, గోడకు అతుక్కుపోయి.

"తప్పు చేస్తున్నావే," అన్నాను చెల్లెలితో.

"నీకేం అక్కా, ఎన్నైనా చెబుతావు. పోతే పోయేది నా కూతురు."



పదకొండింటికి అధికారిణి వచ్చింది. నవ్వు ఎరుగని ముఖం, చేతిలో అట్టకు బిగించిన ఫారం. సోఫా రాసుకుంది, టీవీ రాసుకుంది. ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల చీకటి. దర్జీ భార్య మరచిపోయిన సగం నిమ్మకాయ ఒక్కటే ఉంది.

"ఇది ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

చెల్లెలు మాట వెతుక్కునేలోపే మరిది చెప్పేశాడు.

"పొద్దుటి నుంచండీ."

"సోఫా?"

"అదీ అంతేనండీ. టీవీ ఇంకో అరగంట ఆలస్యంగా వచ్చింది."

"కొంప ముంచాడు," అంది గుమ్మంలో దర్జీ భార్య.

"మీవి కానివన్నీ తీయించండి," అంది అధికారిణి. తీసుకువెళ్తున్నంతసేపూ నిలబడే ఉంది. సోఫా కదిలాక దాని వెనుక, పిల్ల కోసం మరిది కొత్తగా చేసిన చిన్న మంచం బయటపడింది. ఆమె వంగి దాని కాళ్లవైపు చెక్క పట్టుకుని లాగింది. మంచం జానెడు సాగింది.

"పిల్ల పొడుగయ్యేకొద్దీ ఇదీ పెరుగుతుందండీ," అన్నాడు మరిది.

"మరి ఇల్లు ఇంత బోసిగా ఎందుకు ఉంచారు?"

"ఇవన్నీ కొనాలంటే పొద్దుపోయేదాకా పనిచేయాలండీ. మా సాయంత్రాలు మాకు కావాలి. ఇకమీదట పిల్లకు కావాలి."

నేను ఇక ఊరుకోలేకపోయాను. "అమ్మా, మీరు పిల్లను అప్పగించేది మనుషులకా, సామానుకా?"

"ఫారంలో సామానుకే గడి ఉంది పెద్దమ్మగారూ. సాయంత్రాలకు లేదు."

"లేకపోతే గీయండి."

ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. తరువాత మరిది వైపు చేయి చాపింది. అతడు చెవి మీది పెన్సిలు, జేబులోని, గీతలు తిన్నగా గీసే మూలమట్టం అందించాడు. ఫారం అడుగున ఆమె శ్రద్ధగా ఒక గడి గీసి, అందులో చాలాసేపు రాసింది. ఏం రాసిందో మాకు చూపలేదు.

మూడు వారాలకు పిల్ల వచ్చింది, చేతిలో ఒక సంచితో. గుమ్మం దగ్గరే ఆగి హాలంతా కలయజూసింది.

"ఇక్కడ పరుగెత్తొచ్చా?"

"ఎవరు వద్దన్నారు?" అన్నాడు తండ్రి.

సంచి జారవిడిచి ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు పరుగే పరుగు. తగిలేందుకు ఏమీ లేదు.

"పైన ఎవరయ్యా ఆ గోల?" కింద ఎవరో కేక వేశారు.

మా చెల్లెలు కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధంతా వినబడేలా చెప్పింది.

"మా అమ్మాయండీ!"