వరండాలో సున్నం గీత

మిరపకాయల గోడౌను మీది మేడవాటాలో కుక్కను పెంచాలని ప్రేమదాసు మాస్టారికి బుద్ధి పుట్టడానికి కారణం ఆయన కొడుకు ఇమ్మానియేలు. వాడికి ఆరేళ్లు. గుంటూరు వీధుల్లో వాడికి తెలియని కుక్క లేదు. బడికి వెళ్లే దారిలో కనిపించిన ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలిచేవాడు, పేరు లేకపోతే అక్కడే నిలబడి ఒకటి పెట్టేవాడు. తర్వాత దాని మెడ కింద గోకి, అదే చేత్తో జేబులోని వేరుశెనక్కాయలు తినేవాడు.

వాడి తల్లి సంతోషకుమారి ఆసుపత్రిలో నర్సు. కుక్క కరిచిన పిల్లల్ని బల్ల మీద అదిమి పట్టుకోవడం, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడుస్తుంటే వాళ్లు పెట్టే కేకలు వినడం ఆవిడకు ఉద్యోగంలో భాగం. అందుకని కొడుకు వీధిలోకి వెళ్లినంతసేపూ ఆవిడ ప్రాణం అరచేతిలో ఉండేది.

"ఇంట్లో ఒకటుంటే వీధిలో వాటి జోలికి పోడు కుమారీ" అన్నాడు ప్రేమదాసు.

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే తోచింది. కానీ ఆవిడ చూపు వరండా అవతలికి పోయింది.

మేడ మీద ఉన్నవి రెండే వాటాలు. మధ్య ఒకటే వరండా. అవతలి వాటాలో జోహరాబీ ఉండేది. భర్త పోయాక చేతి మిషను మీద లంగాలూ జాకెట్లూ కుట్టుకుని బతుకుతున్న మనిషి. పిల్లలకు ఆవిడ నానీ. మాస్టారు బడికీ, సంతోషకుమారి డ్యూటీకీ వెళ్లిపోతే మూడేళ్ల జయకుమారి సాయంత్రం దాకా నానీ ఒళ్లోనే. మిషను చప్పుడు వింటూ నిద్రపోయేది, లేచి పాలల్లో నానబెట్టిన బన్ను తినేది. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ తల్లి దగ్గరికి కాకుండా వరండా దాటి నానీ గడప దగ్గరికి పరిగెత్తేది.

"ఆవిడ లేకపోతే నా ఉద్యోగం లేదు. ఆవిడ వద్దంటే కుక్క లేదు" అని సంతోషకుమారి తేల్చి చెప్పేసింది.

జోహరాబీ వద్దనలేదు. మిషను ఆపి, సూదిలో దారం ఎక్కిస్తూ అంది:

"మీ ఇల్లు, మీ పిల్లలు. వద్దనడానికి నేనెవర్తెనమ్మా? నా వైపు రానివ్వకండి, అంతే. కుక్క ఎంగిలి తగిలిన చీరతో నమాజుకి నిలబడలేను. మీద పడి నాకే రకం మాత్రం తేవద్దు."

అప్పుడు మొదలైంది వెతుకులాట. ప్రేమదాసు ఏ పని చేసినా పుస్తకం చూసి చేసే మనిషి. ఎక్కడో పెద్ద నగరాల్లో, అంతస్తుల మీద అంతస్తులు కట్టుకుని కాపురాలు చేసే వాళ్లు ఎలాంటి కుక్కను తెచ్చుకోవాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి సంపాదించాడు. చంటిపిల్లలున్న ఇల్లు, చిన్న వాటా, ఇరుగుపొరుగు, అన్నిటికీ అందులో ఒక్కొక్క అధ్యాయం ఉంది. కింద మిరపకాయలుంటే ఏం చేయాలో మాత్రం లేదు.

ఆ లోటు మొదటి కుక్కతోనే తెలిసొచ్చింది. అది సంతోషకుమారి ఆసుపత్రిలోని డాక్టరమ్మగారి ఆల్సేషియన్ పిల్ల. దాని పాదాల సైజు చూసి, ఇది పెరిగాక మనం మెట్ల మీద పడుకోవాలి కాబోలు అనుకుంది సంతోషకుమారి. అంత దూరం రాలేదు. కళ్లాల నుంచి కొత్త కాయ దిగే రోజులవి. కింద బస్తాలు దొర్లిస్తుంటే ఘాటు మెట్లెక్కి పైకొచ్చేది. పుట్టినప్పటి నుంచీ ఆ గాలి పీల్చిన పిల్లలకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. కుక్కపిల్ల మాత్రం తుమ్మీ తుమ్మీ, కళ్లు నీళ్లు కార్చుకుని, నీళ్లబిందె వెనక దూరింది. తిరిగి డాక్టరమ్మగారి బంగళాకి చేరాక గానీ దాని తుమ్ములు ఆగలేదట.

రెండోది బదిలీ మీద వెళ్తున్న రైల్వే గార్డు ఇచ్చిన తెల్ల బొచ్చుకుక్క. మూరెడు లేదు కానీ నోరు మాత్రం బారెడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, గొంతు చించుకునేది. గోడౌను గుమాస్తా పైకొచ్చి, "మాస్టారూ, కింద లెక్క తప్పుతోందండి" అని మొత్తుకున్నాడు. అదైనా ఓర్చుకునేవాళ్లే. జయ చేతిలో బన్ను కోసం అది పళ్లు బయటపెట్టిన క్షణాన సంతోషకుమారి దాన్ని బుట్టలో పెట్టి మూత వేసింది. సాయంత్రం రైలు కదలకముందే అది గార్డు చేతికి చేరింది.

మూడోదాని కోసం ఊరు తిరగక్కర్లేకపోయింది. గోడౌనులో బస్తాల సందున ఊరకుక్క ఒకటి నాలుగు పిల్లల్ని పెట్టింది. ప్రేమదాసు పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి, అందులో రాసినట్టే తాళాల గుత్తిని వాటి ముందు ధడాలున పడేశాడు. ఒకటి పరుగో పరుగు. ఒకటి గుత్తిని కొరికింది. ఒకటి ఎగిరి ఆయన మొహమంతా నాకింది. నాలుగోది గుత్తి వంక చూసింది, ఆయన వంక చూసింది, ఇందులో తనకు సంబంధించింది ఏమీ లేదన్నట్టు మళ్లీ పడుకుంది. మిరప ఘాటులో కళ్లు తెరిచిన పిల్ల కాబట్టి తుమ్మే ప్రశ్నే లేదు.

"ఇదేనర్రా!" అన్నాడు ప్రేమదాసు.

పశువుల ఆసుపత్రిలో సూది వేయించి, కార్బాలిక్ సబ్బుతో రుద్ది, దానికి సీజరు అని పేరు పెట్టారు. ఇమ్మానియేలు బడి వదిలితే నేరుగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. సంతోషకుమారి ప్రాణం కుదుటపడింది.

జోహరాబీకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ప్రేమదాసు వరండా మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సున్నంతో బెత్తెడు వెడల్పున గీత గీశాడు. కుక్క గీత మీద కాలు పెడితే, "ఛీ! గీత!" అని చుట్టిన పేపరుతో మూతి మీద ఒకటి వేసేవాడు. గట్టిగా కాదు, చప్పుడు కోసం. సీజరు తెలివైనది. వేసవి దాటేసరికి గీత దగ్గరికొచ్చి, ముందుకాళ్లు జోడించి, బుద్ధిగా కూర్చోవడం నేర్చుకుంది. ఆదివారం చర్చికి వెళ్లేముందు ప్రేమదాసు గీత మీద ఇంకో పూత పూసేవాడు. అంత క్రమశిక్షణ తన క్లాసులో ఒక్కడికీ లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

ఆ పాఠం ఇంకొకరు కూడా నేర్చుకుంటున్నారని ఎవరూ గమనించలేదు. జయ కుక్క వెంటే తిరిగేది. అది పడుకుంటే పడుకునేది, అది కూర్చుంటే పక్కన కూర్చునేది. ఒకరోజు పొద్దున నానీ పిలిస్తే పరిగెత్తబోయి గీత దగ్గర టక్కున ఆగింది. కాలి బొటనవేలితో గీతను తాకి, వెంటనే వెనక్కి తీసుకుంది. అంతా నవ్వారు. జోహరాబీ కూడా నవ్వింది. మర్నాడూ అంతే. సంతోషకుమారి ఎత్తుకుని దాటిస్తే పిల్ల దెబ్బ తిన్నట్టు ఏడ్చింది. గీత దాటితే పేపరు దెబ్బ పడుతుందని దానికి అర్థమైంది మరి. ఆ రోజు నుంచీ రోజూ ఏడుపుతోనే అవతలికి వెళ్లేది. తల్లి మెట్లు దిగగానే నానీ ఒళ్లోంచి జారి, గీత దాటొచ్చి, కుక్క పక్కన చేరేది. జోహరాబీ అవతల మిషను ముందు కూర్చుని ఒక కన్ను పిల్ల మీద ఉంచి కుట్టుకునేది. మిషను చప్పుడు అంతకంతకీ తగ్గింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం సంతోషకుమారి డ్యూటీ నుంచి పెందలాడే వచ్చింది. మెట్లెక్కుతూనే చూసింది. జోహరాబీ సత్తు పళ్లెంలో పాలూ బన్నూ పట్టుకొచ్చి, వంగి గీత మీద పెట్టి, కుక్క తగలకుండా చీర దగ్గరికి తీసుకుని వెనక్కి జరిగింది. ఆవిడ వెనక్కి జరిగాక జయ ముందుకొచ్చి పళ్లెం లాక్కుంది. పక్కన సీజరు చూస్తూ కూర్చుంది.

సంతోషకుమారి పై మెట్టు మీదే నిలబడిపోయింది.

ఆవిడ పుట్టింది తుళ్లూరు దగ్గర పల్లెలో. తల్లి మిరపచేలో కూలికి వెళ్లేది. ఆసామి దొడ్లో, వంటింటి మెట్టుకు దూరంగా ఒక నాపరాయి ఉండేది. తల్లి అక్కడ ఆగేది. ఆసామి భార్య అన్నం తెచ్చి రాతి మీద పెట్టి వెనక్కి వెళ్లేది. ఆవిడ వెళ్లాక తల్లి ముందుకెళ్లి తీసుకునేది. కొంగు పట్టుకుని నిలబడ్డ కూతురికి ఆ రాయి సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసింది. ఆ తర్వాత మిషన్ బోర్డింగు స్కూలూ, నర్సు ట్రైనింగూ, తెల్ల చీరా. ఆ రాయి గురించి ఆవిడ ఎవరితోనూ అనలేదు, మొగుడితో సహా. ఇప్పుడు జయకీ ఎవరూ చెప్పలేదు.

జోహరాబీ మనసులో ఏ మలినమూ లేదని ఆవిడకు బాగా తెలుసు. అయినా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. చేతిసంచీ విసిరేసి, బకెట్టు నీళ్లూ కొబ్బరి పీచూ తెచ్చి, గీత మీద కూర్చుని తోమడం మొదలుపెట్టింది. పూత మీద పూత పడ్డ సున్నం ఓ పట్టాన వదల్లేదు. బడి నుంచి తండ్రీకొడుకులు వచ్చేసరికి సగం పోయింది.

"ఇదేంటి కుమారీ?"

"కుక్కని ఎవరికన్నా ఇచ్చేయండి."

ఇమ్మానియేలు బావురుమన్నాడు. జోహరాబీ గడపలోంచి అడిగింది: "అదేం చేసిందమ్మా, పాపం?"

"దానికి గీత ఉంటే నా పిల్లకీ ఉంటోంది పిన్నిగారూ" అంది సంతోషకుమారి తలెత్తకుండా. "నా బిడ్డ గీతకి ఇవతల నిలబడి తిండి తీసుకోవడం నేను చూడలేను. మా అమ్మ అట్లా తీసుకుంటుంటే చూశాను. చాలు."

ప్రేమదాసు చేతిలో పుస్తకాలు గోడవార పెట్టాడు. జోహరాబీ నేల మీది సత్తు పళ్లెం వంక చూసింది. ఆవిడా పల్లెలో పుట్టిన మనిషే. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "యా అల్లా" అంది నెమ్మదిగా. "ఆ పళ్లెం పెట్టింది నేనే కదమ్మా."

లోపలికెళ్లి తన బకెట్టు తెచ్చుకుంది. అటు నుంచి ఆవిడా, ఇటు నుంచి ఈవిడా తోమి తోమి గీత లేకుండా చేశారు. తడి గచ్చు మాత్రం మిగిలింది.

"రా తల్లీ" అని చేతులు చాచింది జోహరాబీ.

జయ కదల్లేదు. సీజరూ కదల్లేదు. గీత ఉన్న చోటుకి ఇవతల ఇద్దరూ పక్కపక్కన బుద్ధిగా కూర్చున్నారు.

 కుక్క వచ్చినప్పటి నుంచీ జోహరాబీ వరండాలో ఇటు వైపు అడుగు పెట్టలేదు. ఇప్పుడు వచ్చి, తడి నేల మీద వాళ్లిద్దరి మధ్యా చతికిలబడింది. జయ ఒళ్లోకెక్కి మెడ కరుచుకుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవర్నీ నాకదని పుస్తకం సాక్షిగా ఏరి తెచ్చిన సీజరు ఆవిడ చెయ్యి వాసన చూసి, మణికట్టు దాకా తీరిగ్గా నాకింది. చెయ్యి లాక్కుంటే చీర కుచ్చెళ్ల మీద గడ్డం పెట్టుకుని పడుకుంది.

"సీజర్!" అని ప్రేమదాసు పేపరు అందుకున్నాడు.

"కొట్టకండి మాస్టారూ" అంది జోహరాబీ. "నమాజుకి వేరే చీర పెట్టుకుంటాలే. నాకు రెండున్నాయి."

సాయంత్రం నమాజు వేళకి ఆవిడ లేచి, చెయ్యి శుభ్రంగా కడుక్కుని, చీర మార్చుకోవడానికి తన వాటాలోకి వెళ్లింది. "నానీ, నేనూ" అంటూ జయ వెనకాలే పరిగెత్తింది. సీజరు గీత ఉన్న చోటి దాకా వెళ్లి, ముందుకాళ్లు జోడించి అక్కడే కూర్చుంది.