అవ్వకు తొంభై ఒకటి

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో మహాదేవి కొడుకును బతిమాలుతూనే ఉంది.

"ఆడ లెక్కలు తియ్యొద్దు శశీ. పోయిన సంబంధం దానితోనే పోయె."

జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే శశికాంత్ సరేనన్నాడు.

ధాన్యం వ్యాపారి వెంకటసుబ్బయ్య వాళ్లను ఆదరంగా కూర్చోబెట్టాడు. ఆయన కూతురు నందిని ఉగ్గాని, బజ్జీలు పెట్టి ఎదురుగా కూర్చుంది. కబుర్లు సాఫీగానే సాగుతుండగా, మంచం మీదున్న ముసలామెను చూపించింది.

"మా అవ్వ జయమ్మ. తొంభై ఒకటి నిండినాయి. ప్రైమ్ నంబరు! దేంతో భాగించినా తెగదు. అవ్వ కూడా అంతే, ఎవరికీ లొంగదు."

శశికాంత్ బజ్జీ నమిలాడు. నీళ్లు తాగాడు. తల్లి అతని కాలు తొక్కింది.

"ఏడు పదమూళ్లు తొంభై ఒకటి," అన్నాడు.

"లేదండీ. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతోనూ పోదు."

"ఏడుతో పోతుంది."

అవ్వ లేచి కూర్చుంది. "ఏందప్పా, నన్ను ఏడు భాగాలు చేస్తాండావా? ఏదీ, చెయ్యి, చూస్తా!"

నందినే తొంభై ఒక్క శనక్కాయలు లెక్కపెట్టి చాప మీద పోసింది. శశికాంత్ వరసకు ఏడు చొప్పున పేర్చాడు. పదమూడు వరసలు. ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. నందిని ముఖం ఎర్రబడింది. అవ్వ ముఖం చిన్నబోయింది.

అవ్వనలా చూడలేక శశికాంత్ ఇస్త్రీ చొక్కాతోనే చాప మీద బోర్లా పడి కాయలన్నీ చెరిపేశాడు.

"ఇది చూడవ్వా." పైన ఒకటి, దాని కింద రెండు, ఆ కింద మూడు పెట్టుకుంటూ వచ్చాడు. పదమూడో వరసలో సరిగ్గా పదమూడు కాయలు మిగిలాయి. చక్కని త్రిభుజం. "అన్ని సంఖ్యలూ ఇట్ల కుదరవు. ఇంగా ఉంది. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు, ముప్పై ఆరు. ఈ వర్గాలన్నీ కూడినా తొంభై ఒకటే! నిమ్మకాయలయితే ఆరు అంతస్తులు కట్టి చూపిద్దును."

"నిమ్మకాయలు ఉండాయి," అన్నాడు వెంకటసుబ్బయ్య ఉత్సాహంగా.

"వద్దన్నా, నీకు పుణ్యముంటాది," అంది మహాదేవి.

అవ్వ మురిసిపోయింది. "వచ్చే ఏడు తొంభై రెండు కదప్పా. దాంట్లో ఏముంది?"

ఏదో ఒకటి చెప్పమని తల్లి కళ్లతోనే వేడుకుంది.

"నాకు తెలిసి ఏమీ లేదవ్వా," అన్నాడు శశికాంత్.

అవ్వ అటు తిరిగి పడుకుంది. కాసేపటికి తల్లీకొడుకులు సెలవు తీసుకున్నారు.

తిరుగు బస్సులో మహాదేవి కొడుకు వైపు చూడలేదు. బస్సు ఊరు దాటుతుండగా అతని ఫోన్ మోగింది. నందిని.

"తొంభై రెండులో ఏమీ లేదంటిరే! చదరంగం బల్ల మీద ఎనిమిది మంది రాణుల్ని ఒకరి జోలికి ఒకరు పోకుండా నిలబెట్టాలంటే తొంభై రెండు దారులుండాయంట. ఇప్పుడే చూసినా."

"అవును... మరిచిపోయినా," అన్నాడు సిగ్గుపడుతూ.

"అవ్వకు చెప్పినా. ఎనిమిది మంది యాడ పడతారు, ఈ ఇంటికి నేనొక్క రాణి చాలు, నువ్వు ఆదోనికి పో అంటాంది."

"ఆదోనికా? మా ఊర్లో చదరంగం నేర్పేటోళ్లు ఎవరూ లేరే!" అన్నాడు శశికాంత్ అయోమయంగా.

ఫోన్లో మాటలన్నీ విన్న మహాదేవి దాన్ని చటుక్కున లాక్కుంది.

"మీ నాయనకియ్యమ్మా, ముహూర్తం మాట్లాడాల."