నాలుగు కిలోమీటర్ల కారు

"నడిరోడ్డు మీద బ్రేకు పడకపోతే ఏం చేస్తావే?"

అప్పటికి మేమింకా ఒక్క కారు కూడా చూడలేదు. నేను, మా అమ్మాయి, మా తమ్ముడు గుమ్మం ముందు నిలబడి చెప్పులు వేసుకుంటున్నాం, అంతే. నేనడిగింది విననట్టే అమ్మాయి చెప్పు పట్టీ బిగించుకుని లేచింది. మా తమ్ముడు మాత్రం, "లేని కారుకి బ్రేకెలా పడుతుందక్కా, ముందు కొననీ" అన్నాడు. వాడు మెకానిక్కు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కార్ల కింద పడుకుని బతుకుతున్నవాడు. నా భయాలన్నీ వాడికి కంఠతా వచ్చు.

మా అమ్మాయి ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకి రక్తం తీసి, సీసాల మీద పేర్లు రాసి, మిషన్లో పెట్టే పని. ఇంటికీ ఆస్పత్రికీ నాలుగు కిలోమీటర్లు. పొద్దున ఎనిమిదిన్నరకి అక్కడుండాలి. అల్లుడి ఉద్యోగం వేరే ఊళ్ళో, వారానికోసారి వచ్చి వెళ్తాడు. ఇదివరకు అమ్మాయి స్కూటర్ మీద వెళ్ళొచ్చేది. ఏడు నెలల క్రితం ఆ స్కూటర్ అమ్మేశాం.

ఎందుకు అమ్మేశామో నేనే చెప్పాలి. అప్పుడు అమ్మాయికి అయిదో నెల. డాక్టరమ్మ బండి నడపొద్దు, బస్సులో వెళ్ళమంది. ఒక సోమవారం నేనే బస్టాపు దాకా తోడు వెళ్ళాను. బస్సు కిక్కిరిసి వచ్చింది, మెట్ల మీద కూడా వేలాడుతున్నారు. ఎవడి మోచెయ్యి కడుపులో తగిలినా ఏం కాను? దాన్ని ఎక్కనివ్వలేదు. తర్వాత వచ్చిన బస్సూ అలాగే ఉంది, అదీ ఎక్కనివ్వలేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి స్కూటర్ తాళం చేతిలో పెట్టాను. "పక్కగా, మెల్లగా వెళ్ళమ్మా. నాలుగు కిలోమీటర్లేగా" అన్నాను. అది ఒకసారి నా మొహంలోకి చూసి తాళం తీసుకుంది.

మలుపు దగ్గర నీళ్ళ పైపు కోసం రోడ్డు తవ్వి కంకర పోసి ఉంది. మెల్లగానే వెళ్ళిందట. సైకిల్ కన్నా మెల్లగా వెళ్తూ జారిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు. పైకి మోకాలు గీసుకుపోయింది, అంతే. కడుపులోది మాత్రం మాకు దక్కలేదు.

ఆ తర్వాత అది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "తిన్నాను", "తలుపేసుకో", "ఆలస్యమవుతుంది", ఇవే మా ఇంట్లో మాటలు. నా వల్లేనా అని అడగాలని రోజూ అనుకుంటాను. అవునంటుందేమోనని నోరు రాదు. అందుకే కారు మాట ఎత్తింది నేను. చుట్టూ నాలుగు తలుపులుండి, మీద కప్పుండి, పడిపోవడానికి వీల్లేనిది ఏదైనా ఒకటి దానికి ఇవ్వాలనిపించింది. కొత్తది మాకు అందదు గనక పాతదే చూడాలి.

ముందు ఒక బ్రోకరు దగ్గరికి వెళ్ళాం. ఖాళీ స్థలంలో ఇరవై కార్లు, అన్నీ కడిగి మెరిపించి పెట్టాడు. మా తమ్ముడు రంగు చూడలేదు. ముందుగా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంటే మనం వచ్చేలోపు ఓసారి స్టార్ట్ చేసి పెట్టారని అర్థమట. మొండికేసే ఇంజను చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుందట. తర్వాత సీటు బెల్టు చివరి దాకా లాగి చూశాడు. వరదలో మునిగిన కారయితే లోపల చుట్టుకున్న బెల్టుకి బురద గీత మిగిలిపోతుందట.

నేను చూసేవి వేరు. సీటు కవర్లు ఎత్తి మరకలున్నాయేమో చూశాను. ప్రతి కారు దగ్గరా, "దీంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని అడిగాను. మూడుసార్లు ఓపిక పట్టి, నాలుగోసారి బ్రోకరు అననే అన్నాడు: "అమ్మగారూ, మీరొచ్చింది కారు కొనడానికా, పంచనామా చెయ్యడానికా?" మా తమ్ముడు మొహం అటు తిప్పుకుని నవ్వాడు. అమ్మాయి నవ్వలేదు, దూరంగా గోడ నీడలో నిలబడింది.

అక్కడే మూలన ఒక పెద్ద డీజిల్ కారు ఉంది. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడైంది. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇదే కొందామన్నాను, లారీ గుద్దినా లోపలున్నవాళ్ళకి ఏమీ కాదన్నాను. మా తమ్ముడు నన్ను పక్కకి తీసుకెళ్ళి నచ్చజెప్పాడు. డీజిల్ ఇంజను బాగా వేడెక్కాలి, దూరాలు తిరగాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోతే పొగ గొట్టంలో మసి పేరుకుపోయి ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. "గ్లాసుడు నీళ్ళు కాచడానికి పెళ్ళివంటల గాడిపొయ్యి తవ్వుతానంటావేంటక్కా? అది రాజుకునేలోపే అమ్మాయి ఆస్పత్రి వచ్చేస్తుంది" అన్నాడు. నేను వినలేదు. మొరాయిస్తే మొరాయించనీ, మనిషి మిగులుతుంది కదా అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది, బ్రోకరు ఇటు చూశాడు.

అప్పుడు గోడ దగ్గర నుంచి అమ్మాయి, "చిన్నది చూద్దాం మామయ్యా" అంది. చెప్పింది వాడికి, నాకు కాదు.

మా తమ్ముడి ఎరికలో ఒక రిటైరైన లెక్కల మాస్టారి చిన్న పెట్రోల్ కారు ఉంది. ఎనిమిదేళ్ళ పాతది. మాస్టారు దాన్ని తుడవనైనా తుడవలేదు, బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే గొడవ చెయ్యకుండా స్టార్టయింది. టైర్లు అరిగాయి, అవి మార్చాలి. బ్యాటరీ కొత్తదే. దగ్గర దూరాలకే వాడితే బ్యాటరీ నిండదు, వారానికోసారైనా ఓ గంట తిప్పుతుండాలని మా తమ్ముడు అమ్మాయికి చెప్పాడు. అది తలూపింది.

నేనుండబట్టలేక అడిగాను. "మాస్టారూ, దీంట్లో ఎవరికైనా ఏమైనా అయిందాండీ?" మా తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

మాస్టారు కోప్పడలేదు. "మా ఆవిడకి కిడ్నీలు పాడైతే నాలుగేళ్ళు, వారానికి మూడు రోజులు, దీంట్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళానమ్మా. పోయింది ఇంట్లోనే, నిద్రలో. దీంట్లో మాకు అయినవల్లా పోట్లాటలే. గేరు మార్చినప్పుడల్లా తిట్టేది" అన్నారు. బానెట్ మీది దుమ్ము చేత్తో తుడుస్తూ, "ఇప్పుడు మార్చినా చప్పుడు లేదు. అందుకే అమ్మేస్తున్నా" అన్నారు.

ముందు మా తమ్ముడు ఓ చుట్టు తిప్పి తెచ్చి, ఇక నువ్వు చూసుకోమని, తన దగ్గరే కారు నేర్చుకున్న అమ్మాయికి తాళం ఇచ్చాడు. వాడు కాగితాలు చూడటానికి ఆగిపోయాడు. "మీ మామయ్య నా దగ్గర తాకట్టు, భయం లేదు, వెళ్ళిరండి" అన్నారు మాస్టారు. ముందు సీట్లో మాస్టారి ఆవిడ కూర్చునేదని, అక్కడ కూర్చోడానికి నాకు మనసొప్పలేదు. వెనక్కి ఎక్కి, డ్రైవరు సీటు మీద తల ఆన్చే దిండు రెండు చేతులా పట్టుకున్నాను. అద్దంలో దాని కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

అది ఆస్పత్రి దారి పట్టింది. ఎదురుగా ఆటో వస్తోందని, కుక్క ఉందని, స్పీడు తగ్గించమని చెబుతూనే ఉన్నాను. ఆ మలుపు వచ్చింది. కంకర లేదు, ఎప్పుడో తారు వేసేశారు. చూస్తే అక్కడేదో జరిగిందని ఎవరూ అనుకోరు. అమ్మాయి కారు బాగా మెల్లగా పోనిచ్చింది. నా నోట్లో మాటలన్నీ అయిపోయి, ఏడు నెలలుగా రానిది ఒక్కటే మిగిలింది.

"ఆ రోజు నిన్ను బస్సెక్కనివ్వాల్సింది. నా వల్లే కదా తల్లీ?"

అది అద్దంలోకి చూడలేదు. మలుపు దాటింది. సిగ్నల్ దగ్గర ఆగాం. ఎరుపు పడి ఉన్నంతసేపూ దాని వేళ్ళు స్టీరింగు మీద కదల్లేదు. ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కి తిప్పింది. వచ్చిన దారినే మళ్ళీ ఆ మలుపు మీదుగా వచ్చాం. అడగకుండా ఉండాల్సిందనుకున్నాను. మాస్టారింటి ముందు ఆపి ఇంజను కట్టేసింది. మా తమ్ముడు కాగితాలు పట్టుకుని వస్తుంటే, ఉండమన్నట్టు కిటికీలోంచి చెయ్యి చూపించింది. వాడు అక్కడే ఆగిపోయాడు. నాకు కనిపించేది దాని జడ, ఒక భుజం.

"ఒక్కో రోజు నీ వల్లే అనిపిస్తుందమ్మా," అంది, ముందుకే చూస్తూ. "ఆ రోజుల్లో నీతో మాట్లాడలేను. నువ్వు మాత్రం మాట్లాడటం మానకు."