డాక్టర్ గరళం ఆఖరి పేజీ

రూలింగ్ పెన్ను మొనలో, రెండు రేకుల మధ్య సిరా చుక్క నిలిచిందో లేదో వెలుతురుకు పట్టి చూసి, రాజలింగం మళ్లీ బల్ల మీదికి వంగాడు. ట్రేసింగు గుడ్డ మీద నల్లగొండ జిల్లా రాళ్లపొరలు సగం దాకా వచ్చాయి. గ్రానైటుకు కూడిక గుర్తులు, సున్నపురాయికి ఇటుక గీతలు, ఇసుకరాయికి చుక్కలు. చుక్కలతోనే చావు. పంతొమ్మిదేళ్లుగా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర శాఖలో పటాలు గీస్తున్నాడు గనక చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే.

మనిషి కూడా ఉన్నాడంటే ఉన్నాడు అన్నట్టే ఉంటాడు. నలభై ఆరేళ్లు. బల్ల మీద వంగీ వంగీ కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగింది. నడిమి వేలి మీద కాయ కాసింది, ఆ కాయలోకి దిగిన సిరా ఏ సబ్బుకూ పోదు. ఎండాకాలం చివర వచ్చిన పచ్చకామెర్లు తగ్గి నెల దాటినా కళ్లల్లో పసుపు ఇంకా పూర్తిగా విడవలేదు. చొక్కా జేబులో బ్లేడు ముక్క, కాగితంలో చుట్టి.

ప్రొఫెసరుగారు వచ్చి వెనక నిలబడి, వేలు పెట్టి చూపించి, "ఈ పగులు కాస్త తూర్పుకు జరపండి" అని వెళ్లిపోయారు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద పడ్డ పగులది. రాజలింగం బ్లేడుతో గీకి జరిపాడు. పటం కింద ప్రొఫెసరుగారి పేరు ఉంటుంది. గీసినవాడి పేరు ఉండదు, ఉండాలని రాజలింగం ఏనాడూ అనుకోలేదు, ఎందుకంటే తన పేరు అచ్చయ్యే చోటు ఇంకొకటి ఉంది.

మద్రాసు నుంచి వచ్చే పిల్లల మాసపత్రికలో అది. పదకొండేళ్లుగా నెలనెలా నాలుగు పేజీల బొమ్మల కథ. అందులో డాక్టర్ గరళం అని ఒక దుష్ట శాస్త్రజ్ఞుడు. రాతిగుట్ట కింద ప్రయోగశాల కట్టుకుని, లోకాన్నంతా కాళ్ల దగ్గరికి రప్పించుకోవాలని ఏడుగురు ఉక్కుమనుషుల్ని పోతపోశాడు. ప్రతి నెలా లోకాన్ని ముంచబోతాడు, ప్రతి నెలా ఏదో ఒక మర ఊడిపోయి తెల్లమొహం వేస్తాడు. కథ సంపాదకుడు పార్థసారథిగారిది. ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "బొమ్మలు: రాజలింగం" అని ఉంటుంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కొడుకు పేరు అచ్చులో చూసుకోవాలంటే అదొక్కటే జాగా.

మూడు రోజుల కింద పార్థసారథిగారి ఉత్తరం వచ్చింది.

"రాజలింగం గారికి నమస్కారాలు. ఉక్కుమనుషులు గరళానికి ఎదురు తిరిగిన నాటి నుంచీ పిల్లల ఉత్తరాలు సంచులకొద్దీ వస్తున్నాయి. వాళ్లకు ఉక్కుమనుషులే కావాలిట, ముసలాడు వద్దుట. కనుక వచ్చే సంచికలో గరళాన్ని ముగించేద్దాం. తాను పోతపోసిన కొలిమిలోకే వాళ్లు అతణ్ణి తోసేస్తారు. మీరు గరళాన్ని మాత్రం గీసి, ఉక్కుమనుషులు ఉండవలసిన చోటు తెల్లగా వదిలెయ్యండి. స్టెన్సిళ్లు ఇక్కడే ఉన్నాయి కదా, మా కుర్రవాళ్లు నింపుకుంటారు. ఆపై కథంతా ఇక్కడే నడిపిస్తాం. అందుచేత ఇకమీదట మీ పేరు వెయ్యడం సబబు కాదనుకుంటాను. మీకూ ఇక శ్రమ ఉండదు. శనివారం రిజిస్టరు చెయ్యగలరు."

ఆ శనివారం ఇవాళే. మూడు పేజీలు నిన్ననే అయిపోయాయి. ఆఖరి పేజీలో రెండు గడులు మిగిలాయి. ఉత్తరం చదివినప్పుడు ఏడుపొస్తుందేమో, పోనీ కోపమన్నా వస్తుందేమో అని రాజలింగం మూడు రోజులూ చూశాడు. ఏదీ రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మన ఒంటికే ఉండి మనది కానట్టు ఉంటుంది చూడండి, అట్లా ఉంది.

తప్పు ఎవరిదీ కాదు, తనదే. ఉక్కుమనుషుల్ని మొదట చేత్తోనే గీసేవాడు. నాన్న పనిచేసిన షెడ్డులో చూసినవన్నీ వాళ్ల ఒంటికి తెచ్చి పెట్టాడు: రొమ్ముకు ఇంజను బాయిలరు, మోకాళ్లకు చక్రాలను కలిపే కడ్డీలు, కళ్లకు రివెట్లు. ఏడుగురికీ ఒక్కొక్కరికి నలభై రివెట్లు పెట్టేసరికి తెల్లారేది. అందుకని రైల్వే ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే బావమరిదిని అడిగి పాత ఫిల్ములు తెచ్చుకున్నాడు. సోడా కలిపిన వేడినీళ్లలో నానేసి, ఎవరివో పక్కటెముకలూ చేతులూ గీకి కడిగేసి, ఆ తేట రేకుల్లో తలకాయలూ మొండాలూ చేతులూ స్టెన్సిళ్లుగా కత్తిరించాడు. నిలబడ్డవి, వంగినవి, పరుగెత్తేవి, అన్నీ కలిపి ముప్పై ఒక్క రేకు. వాటితో పది నిమిషాలకొక ఉక్కుమనిషి తయారయ్యేవాడు. ఆ పనికి తనను తానే మెచ్చుకున్నాడు.

పచ్చకామెర్లతో మంచం పట్టినప్పుడు కథ ఆగిపోతే కొంప మునుగుతుందనుకున్నాడు. ఒక్క నెల ఎడం పడితే పత్రికవాళ్లు ఇంకెవరినైనా చూసుకుంటారని భయం. ఆ భయంతోనే ముప్పై ఒక్క రేకులూ అట్టల మధ్య పెట్టి మద్రాసు పంపించేశాడు. ఊరికే పంపాడా? ఏ రేకు పక్కన ఏ రేకు పెట్టాలో, ఏ గీత ముందు గీయాలో, పెన్ను పట్టడం రానివాడికి కూడా అర్థమయ్యేలా రెండు కాగితాల నిండా రాసి మరీ పంపాడు. పటాలు గీసేవాడి బుద్ధి, ఎక్కడ పోతుంది. గరళానికి మాత్రం రేకు లేదు. ఆ ముఖం చేత్తో గీయాల్సిందే. అందుకని ఆ నెల కథలోకి పార్థసారథిగారు గరళాన్ని రానివ్వలేదు, ఏడుగురు ఉక్కుమనుషులూ అతని మాట ధిక్కరించి వరదలో కొట్టుకుపోతున్న రైలును ఎత్తి పట్టారు. పిల్లలు వెర్రెత్తిపోయారు.

పదకొండున్నరకు అటెండరు సమ్మయ్య రాళ్ల ట్రే దించి, బల్ల పక్కన నిలబడి చెయ్యి తుడుచుకున్నాడు. రిటైరుకు దగ్గర పడ్డ మనిషి.

"సార్, పోయిన నెల ఉక్కుమనుషులు మస్తుగున్నరు. మంచంల వడి గూడ ఏం గీసిన్రు సార్!"

"అవి నేను గీయలే, సమ్మయ్యా."

"గట్లంటరేంది? కింద మీ పేరున్నది. మా మనవరాలు సదివి చెప్పింది."

రాజలింగం తల ఊపాడు. పోయిన నెల అలవాటు కొద్దీ పేరు వేసేశారు కాబోలు. ఆ సంచిక వచ్చిన రోజున తను కూడా కళ్లజోడు పెట్టుకుని వెతికాడు, ఎక్కడైనా గీత వంకర పోయిందేమో, ఎక్కడైనా తేడా దొరుకుతుందేమో అని. దొరకలేదు. తను గీసినట్టే ఉన్నాయి. నిజం చెప్పాలంటే తను గీసినవాటికంటే శుభ్రంగా ఉన్నాయి.

ఒంటిగంటకు ఆఫీసు వదిలారు. చెట్లకింది రోడ్డు మీద నడిచి క్యాంపస్ దాటాడు. గాలి అటునుంచి వీస్తున్నట్టుంది, లాలాగూడ వర్క్‌షాపు సైరను తార్నాక దాకా వినపడుతోంది. హోటలు ముందు ఇద్దరు విద్యార్థులు సైకిళ్ల మీద ఒక కాలు ఆనించి చాయ్ తాగుతున్నారు. రాజలింగం వాళ్లను దాటి, సందులోకి తిరిగి, రెండు గదుల ఇంటి తలుపు తోశాడు.

భార్య శివమ్మ నూనె లేని బీరకాయ కూర, మజ్జిగ పెట్టింది. కామెర్లు వచ్చినప్పటి నుంచీ ఇదే తిండి. ఆయన వద్దనడు, ఆమె మార్చదు. తిన్నాక కిటికీ దగ్గర బొమ్మల చెక్కపలక వేసుకుని, ఆఖరి పేజీ పిన్నులతో బిగించి కూర్చున్నాడు. రెండున్నరకు రిజిస్టరు కిటికీ మూసేస్తారు.

ఆరో గడిలో గరళం కొలిమి వైపు తోయబడుతున్నాడు. పార్థసారథిగారు వివరంగానే రాశారు: గుడ్లు వెళ్లుకొచ్చి, నోరు తెరిచి, భయంతో గిలగిల్లాడుతూ ఉండాలి. రాజలింగం నోరు తెరిపించాడు. కళ్లు మాత్రం మాట వినలేదు. బస్సు తప్పిపోయి, ఇంకో బస్సు వస్తుందో రాదో తెలియక నిలబడ్డ మనిషి కళ్లు వచ్చాయి. బ్లేడుతో గీకి మళ్లీ గీశాడు. మళ్లీ అవే వచ్చాయి. సరే పొమ్మని ముందుకు కదిలాడు.

శివమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భుజం మీదుగా చూసింది. పత్రిక ఒక్కటి కూడా పారెయ్యకుండా ట్రంకుపెట్టెలో దాచింది ఆమే.

"గీయన జుట్టు గింత తెల్లగ ఎప్పుడైందయ్యా? మొదట్ల నల్లగుండె గద."

రాజలింగం పెన్ను ఎత్తి చూశాడు. నిజమే. గరళానికి జుట్టు నెరిపించమని ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది కాకి రెక్కలా ఉండేది. ఎప్పుడు పక్కల తెలుపు వచ్చిందో, ఎప్పుడు వీపు వంగిందో, కుడిభుజం ఎప్పుడు దిగిందో గీసినవాడికే తెలియలేదు. ఉక్కుమనుషులకు మాత్రం ఒక్క రోజు వయసు కూడా మీద పడలేదు. రేకులో నుంచి వచ్చినవాళ్లకు పడదు.

"ఇగ గీయన ఒక్కడే పోతున్నట్టున్నది" అంది శివమ్మ పేజీని ఇంకా చూస్తూనే. "నూకెటోళ్లు ఏరి?"

గరళం చుట్టూ అంతా తెల్లగా ఉంది. చెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు, వీపు మీద చెయ్యేసినవాళ్లు లేరు. పొడుగు కోటు వేసుకున్న ఒక ముసలాడు, తెల్లకాగితం మీద, కొలిమి వైపు వంగి ఉన్నాడు.

"మద్రాసుల నూకుతరు" అన్నాడు రాజలింగం.

ఆమె గ్లాసులో మంచినీళ్లు తెచ్చి పలకకు దూరంగా, చెయ్యి తగలని చోట పెట్టి వెళ్లింది.

ఏడో గడిలో కొలిమి, దాని గడప, పైన పొగ. ముందు ఏడుగురు విజయంతో నిలబడాలి, ఆ చోటంతా ఖాళీ. గరళం ఇక లేడు. గీయడానికేమీ లేదు గనక ఈ గడి తొందరగానే అయిపోయింది. అడుగున పేరు రాయబోయి చెయ్యి ఆగింది. పేజీ ఆరాక అట్టల మధ్య పెట్టి, కవరులో దూర్చి, అంటించకుండానే చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

తార్నాక పోస్టాఫీసులో రిజిస్టరు కిటికీ దగ్గర కొండలరావుగారే ఉన్నారు. గుడివాడ మనిషి. నెలనెలా ఈ కవరు ఆయన చేతుల మీదుగానే మద్రాసు వెళ్తుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలకు కథ చదివి వినిపించేదీ ఆయనే.

"రండి రండి. ఇంకో పది నిమిషాలైతే కిటికీ మూసేసేవాణ్ణి. మా వాళ్లు ఒకటే గొడవండీ, ఈసారి ఏమవుతుందో కనుక్కు రమ్మని. ఏమవుతుందండీ గరళం?"

"చస్తడు."

"నిజంగా? మళ్లీ రాడా?"

"రాడు."

"పోన్లెండి, పీడ విరగడైంది." కొండలరావుగారు కవరు త్రాసులో పెట్టి, తూకం రాయి అందుకోబోయి ఆగారు. నిజంగానే కంగారు పడ్డారు. "ఉక్కుమనుషులో? వాళ్లకేం కాదు కదండీ?"

"ఉంటరు."

"హమ్మయ్య!" అన్నారు గుండె మీద చెయ్యి వేసుకుని.

మూడు రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. రాజలింగం కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. పదకొండేళ్లు. లోకాన్ని ముంచుతానని రంకెలేసి ఒక్కనాడూ ముంచలేని ముసలాడు. ఒక్కరంటే ఒక్కరు అయ్యో అనలేదు. కొండలరావుగారు మంచివాడే, సమ్మయ్య మంచివాడే, ఉత్తరాలు రాసిన పిల్లలూ మంచివాళ్లే, అంతమంది మంచివాళ్లలో ఒక్కరికీ నోటివెంట ఆ మాట రాలేదు.

"సార్, ఆ కవరిట్లియ్యండి. చిన్న పని మిగిలింది."

"కానివ్వండి, తొందరేం లేదు. ఒంట్లో బాగాలేదా? మంచినీళ్లు కావాలా?"

తల అడ్డంగా ఊపి, కవరు తీసుకుని గోడవారగా ఉన్న వాలుబల్ల దగ్గరికి వెళ్లాడు. పేజీ బయటికి తీశాడు. సొంత పెన్ను ఇంటి దగ్గరే ఉండిపోయింది. బల్ల మీద దారంతో కట్టేసిన కర్ర కలం, మట్టు దిగిన సిరాబుడ్డి ఉన్నాయి. ఏం గీయాలో ముందుగా అనుకోలేదు. శివమ్మ అన్నమాటే చెవుల్లో ఉంది, ఒక్కడే పోతున్నట్టున్నది అని. ఒక్కడే పోయేవాడు, ఎవరూ నూకకుండా తనంతట తనే లోపలికి పోయేవాడు గడప దగ్గర ఏం చేస్తాడు? గరళం కాళ్లకు ఏముండేవో రాజలింగానికే తెలియదు. పొడుగు కోటు నేల దాకా ఉండేది, పదకొండేళ్లలో పాదాలు గీసే అవసరమే రాలేదు. ఒకసారి కిందికి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

పాళీ పాతది, రెండు కొనలూ విడిపోయి కాగితాన్ని గీరుతోంది. అయినా గీత వణకలేదు. ముందు ఎడమది, తర్వాత కుడిది. మడమ దగ్గర అరుగు, బొటనవేలి పట్టీకి తిరగేసి కుట్టిన కుట్టు. ఆ సిరా నీళ్లు కలిపిన నీలం. లేత నీలాన్ని బ్లాకు తీసే కెమెరా పట్టుకోదు, అచ్చులో ఆ చోటు తెల్లగానే వస్తుంది. అది రాజలింగానికి తెలియని సంగతేమీ కాదు.

"అయిందాండీ?" అని కిటికీలోంచి పిలిచారు కొండలరావుగారు.

"అయింది. ఆరాలె" అన్నాడు రాజలింగం.

ఆఖరి గడిలో, కొలిమి గడపకు ఇవతల, ఎవరో ఇప్పుడే విడిచి లోపలికి వెళ్లినట్టు, పక్కపక్కన సర్ది పెట్టిన చెప్పుల జత ఇంకా తడిగా ఉంది.